ముప్ఫయ్యో కుట్టు

“ఈ ప్యాంటు నడుము కాస్త వదులు చేయించు. ఈ మధ్య టైలర్లకి కొలతలు తీయడమే రావట్లేదు” అంటూ భర్త ఆ ప్యాంటు తెచ్చి ఆమె భుజం మీద వేశాడు. అది నాలుగేళ్ళ కిందట కుట్టించింది. ఈ నాలుగేళ్ళలో టైలరు టేపు మారలేదు, ప్యాంటూ మారలేదు, మారిందల్లా ఆయన పొట్ట. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనేవాళ్ళే లేరు. ఆమె కూడా అనలేదు. ఒక చేత్తో పొయ్యి మీది గిన్నె దించి, రెండో చేత్తో ప్యాంటు మడిచి సంచీలో పెట్టుకుంది.

ఆమె పని కంటి ఆసుపత్రిలో, చీట్లు రాసే కౌంటర్లో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళందరి పేర్లూ రాస్తుంది. ఇంట్లో తనను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో మాత్రం ఆమెకే గుర్తులేదు. ఎవరికేం కావాలో ఆ వస్తువు పేరు పిలుస్తారు, అంతే. భర్త “టీ!” అంటాడు. పన్నెండేళ్ళ కూతురు “సాక్సులు!” అంటుంది. అత్తగారు తన గదిలోంచి “మందులు!” అంటుంది. ఏ గదిలోంచి ఏ వస్తువు పేరు వినబడినా ఈవిడ లేస్తుంది. ఆ పిలుపులకి ఎంత అలవాటు పడిపోయిందంటే, ఆసుపత్రిలో ఎవరైనా “చుక్కల మందు” అన్నా సగం లేచి, మళ్ళీ కూర్చుంటుంది.

ఆ సాయంత్రం టైలరు ప్యాంటు తిరగేసి చూసి, “అరగంట ఆగండమ్మా, ఇచ్చేస్తాను” అన్నాడు. టైలర్ల అరగంట ఎంతసేపుంటుందో తెలియనివాళ్ళెవరు? కూర్చోడానికి కొట్లో స్టూలైనా లేదు. పక్కనున్న మెట్ల మీద కూలబడింది. కాళ్ళు లాగేస్తున్నాయి. పైనుంచి ఒక గొంతు వినబడింది. “మెట్ల మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళకి అడ్డం కదమ్మా. ఇక్కడ కుర్చీ ఖాళీగానే ఉంది, పైకి రా.”

పై గదిలో ఆరు కుర్చీలు. ఐదింటిలో ఆడవాళ్ళు కూర్చుని సన్నటి తెల్లదారంతో లేసు అల్లుకుంటున్నారు. పిలిచినావిడకి డెబ్భై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు జారిపోకుండా దారంతో మెడకి కట్టుకుంది. అందరూ ఆవిడని దారాల టీచరమ్మ అంటారు. ఊరూ పేరూ అడక్కుండానే ఆమె చేతిలో ఒక కొక్కెం సూది పెట్టి, దారం వేలికి చుట్టి, “ఇలా ఉచ్చు వెయ్యి, ఇలా లాగు. గొలుసు పడిందా? మళ్ళీ అదే” అంది. మొదటి గొలుసు బిగుసుకుపోయింది. రెండోది వదులైపోయింది. మూడోది సూదిలోంచి జారి ఎటో పోయింది. పక్కనున్నావిడ నవ్వితే ఆమెకీ నవ్వొచ్చింది. కింద టైలరు కేకేసి ప్యాంటు అయిపోయిందని చెప్పేసరికి గంట దాటింది. గంటసేపు తనని ఎవరూ ఏమీ అడగలేదని మెట్లు దిగుతుంటే తట్టింది. 

ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం వెళ్ళింది. మూడు వారాలు ఇంట్లో టైలరు మీదకే తోసింది. “కాజాలు సరిగ్గా లేవట, మళ్ళీ రమ్మన్నాడు.” పాపం ఆ టైలరు చెయ్యని తప్పులకి ఇంటిల్లిపాదీ తిట్టిపోశారు. నాలుగో వారం భర్త తనే వెళ్ళి నాలుగు తగిలించి వస్తానని చెప్పులు వేసుకుంటే, ఇక తప్పక నిజం చెప్పేసింది.

“లేసా?” అన్నాడాయన. “షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంటే, చేత్తో అల్లడం ఏంటి?”

“కుట్టుకో అమ్మాయ్, ఎవరొద్దన్నారు?” అంది అత్తగారు. “పనులన్నీ అయ్యాక కుట్టుకో.”

పనులన్నీ అయ్యాక! ఆ వేళ ఏ గడియారంలోనూ లేదని ఆ ఇంట్లో బాగా తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు కోడలు. రెండో మనిషి ఆ మాట అన్న అత్తగారే. ఆ రెండో సంగతి కోడలికి అప్పటికింకా తెలియదు.

రెండు నెలలు గడిచాక టీచరమ్మ అందరికీ ఒక పని పెట్టింది. ముప్ఫై కుట్లతో మొదలుపెట్టి, ముప్ఫై కుట్లతోనే ముగించే పట్టీ తేవాలి. పూలూ ఆకులూ ఏమీ వద్దు. వరస తర్వాత వరస, అంతే. ఆమె రోజూ ఇంట్లో కాస్తకాస్త అల్లి, ముప్ఫై నాలుగు వరసల పట్టీ పట్టుకెళ్ళింది. బల్ల మీద పరిచేసరికి గదిలో అందరూ వచ్చి చుట్టూ మూగారు. కింద జానెడు వెడల్పుతో మొదలైంది, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడి సన్నబడి, చివరికి మూడు వేళ్ళ వెడల్పుకి వచ్చింది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో భర్త అప్పటికే, “ఇదేంటి, పిల్లికి టోపీనా?” అని అడిగి ఉన్నాడు.

టీచరమ్మ నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని సూదిమొనతో ఒక్కో వరసా లెక్కపెట్టింది. కుట్టు తగ్గిన చోటల్లా చిన్న ఎర్రదారం ముక్క కట్టింది. పంతొమ్మిది ముక్కలయ్యాయి.

“కొత్తవాళ్ళందరూ చేసే తప్పే ఇది” అంది. “వరసలో చివరి కుట్టు కంటికి కనబడదు. అంచు కింద దాక్కుంటుంది. ఇరవై తొమ్మిది వేసి, అయిపోయిందనుకుని తిప్పేస్తారు. కానీ వాళ్ళు ప్రతి వరసలోనూ వదిలేస్తారు. నువ్వలా చెయ్యలేదు. ఇక్కడ ఐదు వరసలు నిక్కచ్చిగా ఉన్నాయి, ఆరోదాంట్లో పోయింది. ఇక్కడేమో వరసగా మూడు పోయాయి. నీకు కుట్టు తెలుసు. మరి ఇక్కడేమైంది?”

ఆమె ఆ ఎర్రముక్క వంక చూసింది. చూస్తుంటే గుర్తొచ్చింది. “అక్కడ... సాక్సులు.”

“ఇక్కడ?”

“మందులు. ఆ పైన పాలు పొంగాయి. ఆ మూడూ ఆదివారంవి. మా ఆయన స్నేహితులొచ్చారు.”

పిలుపు వినబడగానే వరస ఎలాగోలా ముగించి లేవాలన్న తొందర. ఆ తొందరలో చివరి కుట్టు పోతుంది. మళ్ళీ వచ్చి కూర్చుని ఇరవై తొమ్మిది మీద మొదలుపెడుతుంది. మర్నాడు ఇరవై ఎనిమిది. తన ఇంట్లో ఆ రోజులన్నీ ఎలా గడిచాయో ఆ పట్టీలో ఉంది. ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు లేచింది, ఎవరి గొంతుకి చెయ్యి బిగుసుకుంది, అన్నీ ఉన్నాయి. పరాయివాళ్ళ ముందు తన ఇల్లు విప్పి పరిచినట్టయి సిగ్గేసింది.

“మా వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదండీ” అంది, ఎవరూ అడక్కపోయినా.

“కాదులే తల్లీ. పిలిస్తే పలికే మనిషి ఉంటే ఎవరైనా పిలుస్తారు” అంది టీచరమ్మ.

“నాకు ఓపిక ఎక్కువేనండీ, అందరూ అంటారు. నేర్చుకుంటాను.”

“ఓపికతో లేసు రాదమ్మా. ఓపిక ఉన్నవాళ్ళే పిలవగానే లేచిపోతారు. దీనికి కావాల్సింది మొండితనం.” ఆవిడ పట్టీని మడిచి ఆమె చేతిలో పెట్టింది. “కుర్చీలు ఆరే. కింద పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్ళు నలుగురున్నారు. వచ్చే శనివారం ఐదింటికి ఇరవై వరసల పట్టీ తీసుకురా, ఒక్క కుట్టు తగ్గకుండా. తేలేకపోతే కుర్చీ ఇంకొకళ్ళకి ఇస్తాను. కోపగించుకోకు.” వెళ్ళబోతుంటే ఒక పిన్నీసు కూడా ఇచ్చింది. “మధ్యలో లేవాల్సివస్తే ఉచ్చుకి ఇది పెట్టు, లేకపోతే ఊడిపోతుంది. అది కూడా ఇల్లు తగలబడితేనే. టీకి కాదు.”

టీ సంగతి ఈవిడకెలా తెలిసిందా అని దారి పొడుగునా ఆశ్చర్యపోయింది.

ఆ ఆరు రోజులూ ఆమె పడిన అవస్థ అంతా ఇంతా కాదు. అంతకుముందు ఎప్పుడూ, దేనికోసమూ, ఇంతలా పాకులాడలేదు. ఒక కుర్చీ! చెక్కకుర్చీ, కాలొకటి ఊగుతుంది కూడా. కానీ ప్రపంచంలో తను లేవక్కర్లేని కుర్చీ అదొక్కటే, అది పోతే ఇక లేదు.

ఆసుపత్రిలో మధ్యాహ్నం తినే వేళ సూది తీస్తే, మేనేజరు చూసి మురిసిపోయాడు. “చేతిపని వచ్చా మీకు? ఇన్నాళ్ళు చెప్పలేదే! పెద్ద డాక్టరుగారి అమ్మాయి పెళ్ళికి అందరికీ చిన్న చిన్న పొట్లాలిస్తున్నారు. రెండొందలు. రిబ్బన్లు కట్టిపెడదురూ. మీకైతే ఓపిక ఉంటుంది.” పక్క కౌంటరబ్బాయికి కూడా రెండు చేతులున్నాయి, కానీ ఆ చేతులు ఎవరికీ కనబడవు. రెండు రోజుల తిండి వేళ రిబ్బన్లకే పోయింది. పొట్లాలన్నీ ఒకే తీరుగా వచ్చాయని మేనేజరు మెచ్చుకున్నాడు.

బుధవారం సాయంత్రానికి ఎలాగో పదకొండు వరసలయ్యాయి. పదకొండూ ముప్ఫై ముప్ఫైగా, గీత గీసినట్టు వచ్చాయి. గేటు దగ్గర కొరియర్‌వాడు బెల్లు కొట్టాడు. ఇంట్లో ముగ్గురున్నారు, ముగ్గురూ కూర్చునే ఉన్నారు. ఆమె పట్టీ కుర్చీలో పెట్టి లేచింది. పిన్నీసు పెట్టడం మర్చిపోయింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చేసరికి భర్త ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కింద తగులుతున్న దారం కొస పట్టుకుని, ఫోను చూసుకుంటూ లాగుతున్నాడు. లాగేకొద్దీ అది ఊడి వస్తూనే ఉంది. చూసేసరికి రెండు వరసలు మిగిలాయి. మిగతాదంతా నేల మీద వంకర్లు తిరిగిన దారం.

“అయ్యో, ఊడిపోయిందా?” అన్నాడాయన. నిజంగానే నొచ్చుకున్నాడు. అందులో అబద్ధం లేదు. “పోనీలే, దారమే కదా. దారం ఎక్కడికీ పోలేదుగా, మళ్ళీ అల్లుకో.”

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. నోటిదాకా వచ్చిన మాటలు మింగేసి, కింద కూర్చుని దారం ఉండ చుట్టుకుంది. ఆ మాట ఎక్కడ విన్నానా అని ఆలోచించింది. ఎక్కడా వినలేదు, పద్నాలుగేళ్ళుగా ఆ మాటే బతుకుతోంది. నిన్నటి వంట నిన్ననే తినేశారు, మళ్ళీ వండుకో. ఉతికినవి మాసిపోయాయి, మళ్ళీ ఉతుక్కో. గిన్నెలేం పోలేదుగా, మళ్ళీ తోముకో. రాత్రికి చూస్తే తను పొద్దున్నే చేసినదేదీ ఇంట్లో కనబడదు, చేసినట్టు తన నడుముకి ఒక్కదానికే తెలుస్తుంది. ఊడిపోకుండా నిలబడే పని చేతిలోకి రావడం ఇదే మొదటిసారి. అదీ ఊడిపోయింది.

శుక్రవారం పొద్దున అత్తగారి గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అద్దం బల్ల మీద పరిచే లేసుగుడ్డ కూడా అందులో ఉంది. అత్తగారు కొత్త కాపురంలో అల్లిందట. ముక్కోణంగా ఉంటుంది, కొస బల్ల అంచు మీంచి కిందికి వేలాడుతుంది. ఆమె కొత్తగా వచ్చినప్పుడు బాగుందని మెచ్చుకుంటే, “డిజైనే అలాంటిది. ఇప్పటివాళ్ళకి ఇవన్నీ ఎక్కడొచ్చు!” అంది అత్తగారు. పద్నాలుగేళ్ళుగా నెలకోసారి దాన్ని ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఎన్నడూ సరిగ్గా చూసింది లేదు. ఆ రోజు వేడి పెట్టె పక్కన పెట్టి, వేలితో అంచు తడిమింది.

డిజైనైతే రెండు పక్కలా ఒకే లెక్కన తగ్గాలి. ఇక్కడ నాలుగు వరసలు నిటారుగా ఉంది, ఐదోదాంట్లో ఒకటి పోయింది. తర్వాత వెంటవెంటనే రెండు. ఆ పైన ఏడు వరసలు బాగున్నాయి. ఎవరో ఊళ్ళో లేని వారం కాబోలు. ఒక్కో చోట కుట్టు ఎంత బిగుసుకుందంటే సూదిమొన కూడా దూరదు. ఎర్రదారం ఒక్కటే తక్కువ!

“అత్తయ్యా” అంది. “ఇది డిజైను కాదు కదా?”

మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్న అత్తగారు తలెత్తింది. “ఎవరన్నారు?”

“లేసే చెబుతోంది. ఇక్కడ లేచారు మీరు. ఇదిగో, ఇక్కడా లేచారు.”

అత్తగారు పేపరు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

“ఏం, ఇప్పుడు నన్ను కోర్టుకి లాగుతావా?” అంది చివరికి. “బల్ల నిండా పరిచే గుడ్డ అవుతుందనే మొదలుపెట్టాను. మీ మామయ్యకి గంటకి పదిసార్లు నేను కావాలి. ఆయన ఊరుకుంటే మా అత్తగారు. అలా తగ్గీ తగ్గీ కొసకొచ్చింది. చూసి అందరూ నవ్వుతుంటే, డిజైనని చెప్పేశాను. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమనిపించింది.”

“మళ్ళీ అల్లలేదా?”

“అల్లుదామనుకున్నాను. పనులన్నీ అయ్యాక.”

ఆ మాట అనేసి ఆవిడ గబుక్కున కిటికీ వైపు తిరిగింది. కోడలికి కోపం వచ్చింది. జాలి కూడా వచ్చింది, కానీ ముందొచ్చింది కోపమే. ఇంత తెలిసి, ఇదంతా పడి, మళ్ళీ ఆ మాటే నాకూ చెప్పారా? అడుగుదామనుకుంది. ముసలావిడ వీపు చూశాక అడగాలనిపించలేదు. గుడ్డ ఇస్త్రీ చేసి, కొస కిందికి వేలాడేలా బల్ల మీద పరిచింది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో మేనేజరు ఇంకో యాభై పొట్లాలు తెచ్చాడు. “నేను తింటున్నానండీ” అంది ఆమె. నిజానికి తినడం లేదు, అల్లుతోంది. ఆయన కాసేపు నిలబడి, పొట్లాలు పక్క కౌంటరు మీద పెట్టి వెళ్ళాడు. ఆ అబ్బాయికి రిబ్బన్లు కట్టడం రాకేం, భేషుగ్గా వచ్చింది.

శనివారం ఆమెకి సెలవు. పొద్దుటి పనులు ముగించేసరికి మధ్యాహ్నం మూడైంది. ముగించడమంటే, సగం పనులు అలాగే వదిలేసి వచ్చేసింది. సింకులో గిన్నెలున్నాయి. తీగ మీద బట్టలున్నాయి. వాటిని చూడకుండా ఉండాలని అత్తగారి గదిలోకి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. అత్తగారు వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అప్పటికి పదహారు వరసలున్నాయి. ప్రతి కుట్టూ పైకే లెక్కపెట్టుకుంటూ అల్లింది. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది వరసలు పూర్తయ్యాయి. గడియారంలో నాలుగుంపావు. టైలరు కొట్టుకి నడిచి వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇరవయ్యో వరస మొదలుపెట్టింది. మెడ పట్టేసింది, చూపుడువేలు దారం కోసుకుని ఎర్రబడింది.

“టీ!”

పడగ్గదిలో భర్త కునుకు తీసి లేచాడు. ఆమె మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. లెక్క ఇరవై రెండు దగ్గరుంది. ఎదురుగా మంచం మీద కూడా కదలిక వినబడింది. డెబ్భై రెండేళ్ళ అత్తగారు, కీళ్ళనొప్పులతో రెండు చేతులూ మంచానికి ఆనించి, మూలుగుతూ పైకి లేవబోతోంది. ఆ గొంతు అలా పిలిస్తే ఆవిడ కాళ్ళూ ఆగవు. యాభై ఏళ్ళుగా లేస్తూనే ఉంది.

“మీరూ కూర్చోండి అత్తయ్యా” అంది ఆమె.

గట్టిగా ఏమీ అనలేదు. అరవడానికి ఓపిక లేదు కూడా. అత్తగారు సగం లేచినదల్లా అలాగే ఆగి కోడలి వైపు చూసింది. తర్వాత మెల్లిగా, మంచం కిర్రుమనేలా, మళ్ళీ కూర్చుంది.

“టీ ఏమైంది? వినబడట్లేదా?”

“వినబడిందండీ. నేను వరస మధ్యలో ఉన్నాను. గిన్నె పొయ్యి పక్కనే ఉంది, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.”

ఆమె అల్లుతూనే ఉంది. ఇరవై మూడు, ఇరవై నాలుగు. చెప్పుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళింది. ఒక డబ్బా మూత తీసిన చప్పుడు, కాదనుకుని ఇంకో డబ్బా మూత. ఇరవై ఏడు. ఏదో కిందపడి దొర్లింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

“ఇరవై ఎనిమిది” అంది. “ఇరవై తొమ్మిది.”

అలవాటుగా పట్టీని తిప్పబోయింది. అత్తగారు ముందుకి వంగి, ముడతలుపడ్డ వేలితో అంచు కింద తడిమి, ఒక చోట ఆపింది.

“ఇంకొకటుందమ్మా, ఇదిగో. వదిలెయ్యకు.”